ఇంట్లో మొదలైన సంఘం: డాక్టర్ గిరీంద్రశేఖర్ బోస్



పరీక్షల ముందు మీలో కొందరు నన్ను పక్కకు పిలిచి, మంచి కౌన్సెలర్ ఉంటే చెప్పమంటారు. భద్రాచలం వైపు నుంచి అంతదూరం బస్సులో తీసుకొచ్చాక, ఆ మనిషి నిజంగా ఆ చదువు చదివారో లేదో ఎలా తెలుస్తుందని కూడా అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. అందుకే ఈ నెల బోస్ గారి గురించి చదవండి.

1887లో దర్భంగాలో పుట్టారు. 1910లో కలకత్తాలో డాక్టరయ్యారు. మనసు జబ్బులకు వైద్యం నేర్పేవాళ్లు లేక సొంతంగా సాధన చేశారు. 1921లో డాక్టరేట్ పొంది, ఆ థీసిస్‌ను వియన్నాలోని ఫ్రాయిడ్‌కు పోస్టులో పంపారు. వాళ్లిద్దరూ ఎన్నడూ కలుసుకోలేదు, కానీ ఏళ్ల తరబడి ఉత్తరాలు రాసుకున్నారు. మన దేశపు రోగుల విషయంలో ఫ్రాయిడ్‌తో ఏకీభవించని చోట బోస్ ఆ మాట సూటిగానే రాశారు. నాకు ఆయన నచ్చింది అక్కడే.

1922లో తన ఇంట్లోనే ఇండియన్ సైకోఅనలిటికల్ సొసైటీ స్థాపించారు. ఎవరికి వారు ఒంటరిగా పనిచేసే చోట శిక్షణ, చర్చ, తోటివాళ్ల పరిశీలన వచ్చాయి. 1940లో లుంబినీ పార్క్ మానసిక వైద్యశాల, 1947లో 'సమీక్ష' పత్రిక వెలిశాయి. ఇంత పనిలోనూ ఎర్రచీమలు, నల్లచీమల మీద పిల్లలకో బెంగాలీ కథాపుస్తకం రాశారు! 1953లో కన్నుమూశారు.

మీ ప్రశ్నకు చట్టం జవాబు 1992లో వచ్చింది. క్లినికల్ సైకాలజిస్టుకు రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ ఉండాలి. ఫీజు కట్టేముందు ఆ నంబర్ అడగండి, మొహమాటపడకండి.