ముప్పది యేండ్లు వ్రేలాడిన తల

ఉయ్యాలవాడ నరసింహారెడ్డి పేరు మన కర్నూలు, కడప సీమలలో ఎరుగనివారు లేరు. పాటలున్నవి. 2019లో సినిమా వచ్చెను. 2021లో కర్నూలు విమానాశ్రయమునకు ఆయన పేరే పెట్టిరి. ఆయన శౌర్యమును అవి చాలినంత చెప్పుచున్నవి గనుక, మేము ఆయన పొందిన శిక్షను గూర్చి వ్రాయుచున్నాము.

ఆయన నొస్సము పాలెగాని మనుమడు. 1800లో నిజాము ఈ సీమను కంపెనీవారికి ఇచ్చిన పిమ్మట కలెక్టరు మన్రో పాలెగాండ్ర అధికారమును తీసివేసి పింఛనులు ఏర్పరచెను. నరసింహారెడ్డికి చేరుచుండినది నెలకు 11 రూపాయల చిల్లర. తాతగారి కుటుంబపు పింఛను ఆగిపోగా అందులో తనకు భాగము రావలెనని అడిగెను, సర్కారు ఇయ్యలేదు.

ఆ దినములలోనే కట్టుబడివారి మాన్యములకును ముప్పు వచ్చెను. వీరు గ్రామములకు కావలి కాయువారు. పూర్వపు కావలి వాడుకలో ఒక మేలుండెను. ఊరిలో సొత్తు పోయినయెడల కావలివాడు దొంగనైన పట్టి యియ్యవలెను, నష్టమునైన ఇచ్చుకొనవలెను. కావలివారే దొంగలైన ఊళ్ళు లేకపోలేదు గాని, పోగొట్టుకొన్నవాని చేతికి ఏదో ఒకటి తిరిగి చేరవలెనను తలంపు అందులో నుండెను. నిర్గమకాండము 22వ అధ్యాయములో దొంగ సొత్తుదారునికి రెండంతలు చెల్లించవలెనన్న విధియు ఈ జాతిదే.

ఈ కట్టుబడివారే ఆయన వెంట నడచిరి. 1846 జూలైలో కోయిలకుంట్ల ఖజానాను కొల్లగొట్టిరి. ఆ కలతలలో సర్కారు నౌకరులు చంపబడిరి. వారికిని భార్యాబిడ్డలుండిరని పాట పాడునప్పుడు మనము మరువరాదు. గిద్దలూరు ప్రాంతమున కంపెనీ దండుతో పోరాడి, నల్లమలలో తిరిగి, అక్టోబరు 6న పేరుసోమల కొండలలో ఆయన పట్టుబడెను. అనుచరులలో నూరుగురికి పైగా శిక్షపడెను. 1847 ఫిబ్రవరి 22న, అప్పుడు కడప జిల్లాలోనుండిన కోయిలకుంట్లలో, జనులందరు చూచుచుండగా ఆయనను ఉరితీసిరి.

ఆ ఉరికొయ్య కట్టుబడివాని మాన్యమును గూర్చి ఏమియు చెప్పలేదు. చచ్చిన నౌకరు ఇంటికి గింజయైనను తేలేదు. ఆగిన పింఛను న్యాయమా అన్యాయమా అని తేల్చలేదు. నరహత్యకు శిక్ష వలదని మేము అనుట లేదు. పోయినదానిని ఎవరు నిలబెట్టవలెనని అడుగని శిక్ష సగము తీర్పేయని మా అభిప్రాయము. కక్షలలో తలకు తల లెక్క చూచుకొన్న మన సీమ ఊళ్ళకు ఈ సంగతి కొత్తది కాదు. రెండు ఇండ్లలోను విధవలే మిగిలిరి.

ఉరితో సర్కారు తృప్తిపడలేదు. ఆయన తలను కోటగోడపై వ్రేలాడదీసిరి. మోషే ధర్మశాస్త్రము ఉరిని ఎరుగును. అయినను ద్వితీయోపదేశకాండము 21వ అధ్యాయము వ్రేలాడదీయబడినవాని శవమును రాత్రి నిలువనియ్యక ఆ దినమే పాతిపెట్టుమని విధించుచున్నది. అంతటి నేరస్థుడును సూర్యుడు క్రుంకువరకే జనులకు చూపుడుబొమ్మ. కోయిలకుంట్లలో ఒక రాత్రి కాదు, ముప్పది యేండ్లు ఆ తల అట్లే యుండెను. ఉరి దినమున పుట్టిన బిడ్డ దాని క్రిందనే సంతకు పోయి, పెండ్లాడి, తన బిడ్డలను చంకనెత్తుకొని నడచియుండును. మధ్యలో 1858లో కంపెనీ పాలన పోయి రాణి పాలన వచ్చెను. కోయిలకుంట్ల కర్నూలు జిల్లాలో చేరెను. తలను దించినవారు లేరు.

1877 వరకు అది అక్కడనే యుండెను. అది ధాత కరవు కాలము. అప్పటికి ఆ గోడ క్రింద నడచువారు తలయెత్తి చూచుట మాని, గంజి పోయు చోటు ఎక్కడనని వెదకుచుండిరి.