మంద్రస్వర సాధకుడు క్లిఫ్ బర్టన్

కొన్ని కళాకృతులు పుట్టిన ఏడాదితోనే మరుగున పడిపోతాయి. కొన్ని మాత్రం తరాలు మారినా సహృదయుల గుండెలలో పదిలంగా నిలుస్తాయి. ఆ నిలకడకు మూలమేమిటన్న ప్రశ్న మాకు ఒక విద్యార్థి వలన కలిగింది.

హెవీ మెటల్ సంగీతమనగానే చెవులు మూసుకొనే వారిలో మేమూ ఒకరము. ఒకనాడు మా తరగతి విద్యార్థి నల్లని చొక్కా తొడుక్కొని వచ్చాడు. దానిపై ఎర్రబారిన ఆకాశం, ఆకాశంలో రెండు చేతులు, ఆ చేతులనుండి క్రిందికి దిగిన దారాలు, దారాల చివర వరుసలు వరుసలుగా తెల్లని శిలువ గుర్తుల సమాధులు. ఇదేమి వేషమని మందలించబోయాము. అది 1986లో వెలువడిన 'మాస్టర్ ఆఫ్ పప్పెట్స్' అనే ఆల్బమ్ ముఖచిత్రమని అతడు వినయంగా చెప్పాడు. తాను పుట్టక ఎన్నో ఏండ్ల ముందు వచ్చిన పాటలపై ఈ పిల్లవానికి ఇంతటి మమకారమెందుకు? జవాబు వెదుకుతూ వెళ్ళిన మాకు ఆ ఆల్బమ్ వెనుక ఒక యువకుని జీవితం కనిపించింది. అతడే మెటాలికా బృందపు బాస్ గిటార్ వాద్యకారుడు క్లిఫ్ బర్టన్.

క్లిఫ్ 1962 ఫిబ్రవరి 10వ తేదీన అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో జన్మించాడు. కాస్ట్రో వ్యాలీ అతని స్వస్థలం. తండ్రి రే, తల్లి జాన్. బాల్యంలో అతడు కొంతకాలం పియానో నేర్చుకొన్నాడు. అప్పటికి సంగీతమే అతని జీవితమవుతుందని ఎవరూ అనుకోలేదు. 1975లో పిడుగువంటి దుర్ఘటన జరిగింది. అన్న స్కాట్ పదహారేండ్ల ప్రాయంలో హఠాత్తుగా మరణించాడు. పదమూడేండ్ల క్లిఫ్ ఆ దుఃఖాన్ని మాటలలో వెళ్ళబోసుకొనలేదు. బాస్ గిటార్ చేతబట్టాడు. అన్న కోసమై ఆ వాద్యంలో అందరినీ మించాలని నిశ్చయించుకొన్నాడు. క్రౌంచ వధను చూచిన వాల్మీకి శోకం శ్లోకమైనదని మనం చదువుకొన్నాము. ఈ బాలుని శోకం సాధనగా మారింది.

బాస్ గిటార్ సామాన్యంగా శ్రోతల దృష్టికి అందని వాద్యం. లావుపాటి నాలుగు తీగలతో మంద్రస్థాయిలో పలుకుతూ, ఇతర వాద్యాలకు అది పునాదివలె ఉంటుంది. ఇంటిని చూచి మెచ్చుకొనేవారు పునాదిని తలచుకోరు గదా! అట్టి వాద్యాన్ని క్లిఫ్ రోజుకు నాలుగు నుండి ఆరు గంటల పాటు సాధన చేసేవాడు. పేరు వచ్చిన తరువాత కూడా ఆ నియమాన్ని విడువలేదు. మేము సాధన అనే దానినే ఉర్దూ మిత్రులు రియాజ్ అంటారు. పేరు ఏదైనా ఫలం ఒక్కటే. అతడు రాక్ సంగీతంతో తృప్తిపడక సంగీత శాస్త్రాన్ని అధ్యయనం చేశాడు. జర్మన్ స్వరకర్త బాహ్ కృతులను శ్రద్ధగా అభ్యసించాడు.

కుమారుడు సంగీతమే వృత్తిగా చేపడతానన్నప్పుడు తల్లిదండ్రులు నిరాకరించలేదు, గుడ్డిగా అంగీకరించనూ లేదు. నాలుగు సంవత్సరాలు అతని భోజన వసతుల భారం తాము వహిస్తామనీ, ఆ గడువులో పురోగతి కనబడకపోతే వేరొక ఉద్యోగం చూచుకోవాలనీ షరతు పెట్టారు. ఆ నాలుగేండ్లను క్లిఫ్ ఒక్కరోజైనా వృథా చేయలేదు. నమ్మకానికి గడువును జోడించిన ఆ పెద్దల వివేకం మన తల్లిదండ్రులు కూడా గమనింపదగినది.

1982లో లాస్ ఏంజిలిస్‌లోని విస్కీ ఎ గోగో అనే వేదికపై అతడు ట్రామా అనే బృందంతో వాయిస్తుండగా జేమ్స్ హెట్‌ఫీల్డ్, లార్స్ ఉల్రిక్ విన్నారు. వారు అప్పుడే మెటాలికా బృందాన్ని నిర్మించుకొంటున్న యువకులు. లీడ్ గిటార్ అనుకొన్న నాదం బాస్ గిటార్ నుండి వస్తున్నదని తెలిసి నివ్వెరపోయారు. తమతో చేరమని కోరారు. తాను లాస్ ఏంజిలిస్‌కు రాననీ, కావలిస్తే బృందమే శాన్‌ఫ్రాన్సిస్కో ప్రాంతానికి తరలిరావాలనీ క్లిఫ్ చెప్పాడు. ఒక్క వాద్యకారుని కోసం బృందమంతా 1983 తొలి నెలలలో మకాం మార్చింది! ఆ ఏడాదే వెలువడిన తొలి ఆల్బమ్ 'కిల్ ఎమ్ ఆల్'లో అతని బాస్ వాదనకే ఒక ప్రత్యేక అంశం కేటాయించారు. 1984లో 'రైడ్ ది లైట్నింగ్' వచ్చింది. స్వరాలను ఒకదానిపై ఒకటి పొందికగా పేర్చే విద్యను సహచరులు అతని సాహచర్యంలోనే నేర్చుకొన్నారు.

1985 చివరి నెలలలో డెన్మార్కు రాజధాని కోపెన్‌హేగెన్‌లో మూడవ ఆల్బమ్ రికార్డింగు జరిగింది. అదే 1986 మార్చి 3వ తేదీన వెలువడిన 'మాస్టర్ ఆఫ్ పప్పెట్స్'. ఎనిమిది అంశాలు, సుమారు 55 నిమిషాల నిడివి. ఇందులోని పాటలు వట్టి కేకలనుకొన్న మేము వాటి అర్థం తెలిసికొని సిగ్గుపడ్డాము. పేరు పొందిన పాటలో బొమ్మలాడించే సూత్రధారి మరెవరో కాదు, మాదకద్రవ్యం. దానికి లొంగిన మనిషి తోలుబొమ్మ. వేరొక పాటలో యుద్ధరంగానికి బలిపశువుగా పంపబడే సైనికుడు, ఇంకొక దానిలో మానసిక చికిత్సాలయంలో బందీ, మరొక దానిలో భక్తిని సొమ్ము చేసుకొనే కపట బోధకుడు కనిపిస్తారు. పరుల చేతిలో కీలుబొమ్మ కావద్దన్న హెచ్చరిక ఈ కృతిలో ప్రధానంగా వినిపిస్తుంది. యువతకు ఇంతకంటె హితమైన మాట ఏముంటుంది?

ఏడవ అంశం 'ఓరియన్' ఎనిమిది నిమిషాలకు పైబడిన కేవల వాద్యసంగీతం. పోటెత్తిన హోరు నడుమ హఠాత్తుగా నిశ్శబ్దం ఆవరించి, క్లిఫ్ బాస్ ఒంటరిగా, నెమ్మదిగా మొదలై, తక్కిన వాద్యాలను ఒక్కొక్కటిగా తన వెంట పిలుచుకొనే ఘట్టమొకటి అందులో కలదు. పునాది తానే గోపురమైన ఘట్టమది.

రేడియోల ఆదరణ అంతగా లేకున్నా ఆ ఆల్బమ్ చేతినుండి చేతికి, చెవినుండి చెవికి వ్యాపించింది. కాని విధి వక్రించింది. 1986 సెప్టెంబరు 26న స్టాక్‌హోమ్‌లో కచేరీ ముగించి బృందం బస్సులో కోపెన్‌హేగెన్‌కు బయలుదేరింది. పడక ఎవరిదన్నది పేకముక్కలతో తేల్చుకోగా క్లిఫ్‌కు ఇస్పేటు ఆసు వచ్చింది. తాను కోరిన పడకపై నిద్రించాడు. 27వ తేదీ తెల్లవారకముందే స్వీడన్‌లోని డోరార్ప్ వద్ద బస్సు అదుపు తప్పి బోల్తాపడింది. కిటికీలోనుండి వెలుపలికి పడిన క్లిఫ్ బస్సు క్రింద నలిగి కన్నుమూశాడు. అప్పటికి అతని వయస్సు 24 ఏండ్లు. రెండవ కుమారుని కూడా పోగొట్టుకొన్న ఆ తల్లిదండ్రుల వేదన ఊహకందనిది. అంత్యక్రియల వేళ 'ఓరియన్' వినిపించారు.

అదే ఏడాది నవంబరులో ఆల్బమ్ అమెరికాలో 5 లక్షల ప్రతుల అమ్మకానికి గుర్తింపు పొందింది. 2003 నాటికి ఆ సంఖ్య 60 లక్షలకు చేరింది. మెటాలికా 'ఓరియన్'ను సంపూర్ణంగా వేదికపై వినిపించుటకు 2006 వరకు ఆగవలసి వచ్చింది. ఆ సంవత్సరమే ప్రమాదస్థలానికి చేరువలో స్మారకశిల వెలసింది. దూరదేశాల అభిమానులు అక్కడికి వెళ్ళి నివాళులర్పిస్తుంటారు. 2016లో అమెరికా కాంగ్రెసు గ్రంథాలయం ఈ కృతిని జాతీయ రికార్డింగుల పట్టికలో చేర్చింది. హెవీ మెటల్‌లో ఆ గౌరవం మొట్టమొదట పొందినది ఇదే. 2022లో 'స్ట్రేంజర్ థింగ్స్' అనే టెలివిజన్ ధారావాహికలో వినిపించిన పిమ్మట దీని ప్రధాన గీతం మరొక తరాన్ని ఆకట్టుకొన్నది.

ఇక అన్నిటికంటె మా మనస్సును కదలించినది తండ్రి రే బర్టన్ చేసిన పని. కుమారుని సంగీతం వలన వచ్చే రాయల్టీ సొమ్మును ఆయన కాస్ట్రో వ్యాలీ ఉన్నత పాఠశాలలో సంగీతం అభ్యసించే పిల్లల ఉపకార వేతనాలకు ఇచ్చాడు. క్లిఫ్ చదివిన పాఠశాల అదే. 2020 జనవరిలో 94వ ఏట మరణించేవరకు ఆ వృద్ధుడు అభిమానులను తన బిడ్డలవలె ఆదరించాడు.

మా విద్యార్థి చొక్కాపై చూచిన బొమ్మకు ఇప్పుడు మాకు అర్థం తెలిసింది. అన్న మరణం తమ్మునిచేత సాధన చేయించింది. కుమారుని మరణం తండ్రిచేత విద్యాదానం చేయించింది. ఇట్టి కృతిపై అభిమానం తరాలు దాటుటలో వింత లేదు. విద్యార్థులారా, మీకు నచ్చిన సంగీతమేదైనా వినండి. అయితే దాని వెనుకనున్న గంటల కొలది శ్రమను కూడా వినండి. పెద్దలమైన మేము సైతం మందలించుటకు ముందు ఒక్కమారు చెవియొగ్గుట నేర్చుకొనవలసి యున్నది. ఆ పాఠాన్ని మాకు మా విద్యార్థియే నేర్పాడు.