క్రొత్త నర్సుగా మిస్ నైటింగేల్



ఇంటర్మీడియట్ ముగించిన ఆడపిల్లను నర్సు ట్రెయినింగుకు పంపుదమా, మానుదమా అని పల్లె సంఘములలోని తలిదండ్రులు మమ్మును తరచుగా అడుగుచుందురు. రాత్రి డ్యూటీలు, పరాయివారి పుండ్లు కడుగుట, చావును దగ్గరనుండి చూచుట, ఇల్లు విడిచి హాస్టలులో నుండుట, వీటిని తలంచుకొని తల్లులు వెనుదీయుదురు. చేరిన మొదటి నెలలోనే ఏడ్చుచు ఇంటికి ఫోను చేయు పిల్లలును కలరు. కాబట్టి ఈ మాసము ఫ్లారెన్స్ నైటింగేల్ జీవితమును చెప్పదలచితిమి. ఆమె చేతిలోని దీపమును గూర్చి మీ పిల్లలు బడిపుస్తకములలో చదివియే యుందురు. మేము ముఖ్యముగా చెప్పగోరునది ఆ దీపమునకు మునుపటి సంగతులు, అనగా ఆమె పని నేర్చుకొనిన దినముల సంగతులు.

ఆమె 1820 మే 12న ఇటలీ దేశములోని ఫ్లారెన్స్ పట్టణములో పుట్టెను. తలిదండ్రులు ఇంగ్లీషువారు, మిక్కిలి కలిగినవారు. వారు పరదేశములలో సంచరించుచుండగా ఇద్దరు కుమార్తెలు కలిగిరి. పెద్దదానికి నేపుల్స్ పట్టణపు ప్రాచీన నామమైన పార్తెనోపె అనియు, చిన్నదానికి ఫ్లారెన్స్ అనియు పుట్టిన ఊరి పేర్లే పెట్టిరి. స్వదేశములో వారికి రెండు పెద్ద బంగళాలు, సేవకులు, బండ్లు, తోటలు ఉండెను. తండ్రి కుమార్తెలకు గ్రీకు, లాటిను, చరిత్ర తానే నేర్పెను. చిన్నదానికి లెక్కలన్న మక్కువ ఎక్కువ.

1837 ఫిబ్రవరి 7న, ఆమెకు పదునారేండ్లు నడుచుచుండగా, దేవుడు తన్ను సేవకు పిలిచెనని ఆమె నమ్మి, ఆ దినమును వ్రాసి పెట్టుకొనెను. ఏ సేవకో మాత్రము ఆమెకు తెలియలేదు. బాలుడైన సమూయేలును పిలిచినప్పుడు చెప్పవలసిన వర్తమానము ఆ రాత్రియే అతనికి తెలియజేయబడెను. ఈమె విషయములో అట్లు కాలేదు. మిద్యానులో గొఱ్ఱెలు కాచుకొనిన మోషేవలె ఈమె చాలకాలము కనిపెట్టవలసి వచ్చెను. ఆ కాలమంతయు విందులు, కుట్టుపని, చుట్టములను పలుకరించుట, ఇదే ఆమె దినచర్య. లోపల అగ్ని, వెలుపల పట్టుబట్టలు.

రోగుల పరిచర్యయే తన పని యని క్రమముగా ఆమెకు తేటపడెను. 1845లో సాలిస్‌బరీ ఆసుపత్రిలో కొన్ని నెలలుండి పని నేర్చుకొందునని ఇంటిలో అడిగెను. తల్లి భయపడి కోపించెను. అక్క గొల్లుమనెను. తండ్రి మౌనముగా లండనుకు వెళ్లిపోయెను. ఆమె తల్లిని మేము నిందింపము. ఆ కాలపు ఆసుపత్రి మన మిషను ఆసుపత్రి వంటిది కాదు. కలిగినవారు ఇంటియొద్దనే వైద్యము చేయించుకొనిరి, ఆసుపత్రి బీదలకే. వార్డులలో గాలి వెలుతురు తక్కువ, దుర్గంధము ఎక్కువ. నర్సు పని ఏ చదువును అక్కరలేని పని, మరి ఏ పనియు దొరకని స్త్రీలు చేయు పని. వారిలో అనేకులు త్రాగువారని పేరు. చార్లెస్ డికెన్స్ తన నవల యొకదానిలో సైరీ గాంప్ అను త్రాగుబోతు నర్సును చిత్రించి దేశమంతటిని నవ్వించెను. అట్టి పనికి కన్న కుమార్తెను ఏ తల్లి పంపును?

ఇంటిలో ఒప్పుకొనలేదు గనుక ఫ్లారెన్స్ తెల్లవారకమునుపే లేచి, చలిలో దీపము పెట్టుకొని, ఆసుపత్రులను గూర్చిన ప్రభుత్వ నివేదికలను చదువుచుండెను. ఉదయ భోజనపు గంట మ్రోగగానే పుస్తకములు మూసి, ఏమియు ఎరుగని దొరసానివలె బల్లయొద్ద కూర్చుండెడిది. రిచర్డ్ మాంక్టన్ మిల్న్స్ అను పెద్దమనిషి ఆమెను పెండ్లియాడ గోరి ఏండ్ల తరబడి కాచుకొనియుండెను. ఆమెకును అతనిపై ప్రేమ లేకపోలేదు. అయినను 1849లో అతనిని కాదనెను. ఇది సులభముగా చేసిన పని యని యెవరును అనుకొనవద్దు.

ఇక్కడ మరియొకరిని గూర్చి చెప్పవలెను. జర్మనీలో రైను నది యొడ్డున కైజర్స్‌వేర్త్ అను చిన్న ఊరు ఉండెను. 1822లో తియొడోర్ ఫ్లీడ్నర్ అను యౌవనస్థుడు అక్కడి చిన్న ప్రొటెస్టెంటు సంఘమునకు పాదిరిగా వచ్చెను. ఊరికి ఆధారమైన మిల్లు చెడిపోయి సంఘము బీదదాయెను. చందాల కొరకు అతడు హాలెండు, ఇంగ్లండు దేశములు తిరిగెను. డబ్బుతో పాటు ఒక ఆలోచనయు తెచ్చుకొనెను. 1833లో చెరనుండి విడుదలైన ఒక స్త్రీకి తన తోటలోని చిన్న గదిలో చోటిచ్చెను. 1836లో రోగులకు ఆసుపత్రిని తెరచి, కెంక్రేయ సంఘములో పరిచర్య చేసిన ఫీబేను జ్ఞాపకము చేసికొనుచు (రోమా పత్రిక 16వ అధ్యాయము చూడుడి), పరిచారికలగు స్త్రీలకు తర్ఫీదు మొదలుపెట్టెను. చందా పుస్తకము చంకనిడుకొని తిరుగు పాదిరులకు ఈ కథ మిక్కిలి ప్రీతికరము. గనుకనే కొంచెము పొడిగించితిమి, క్షమించుడి.

ఫ్లారెన్స్ 1850లో కొలది దినములు ఆ స్థలమును చూచి వచ్చి, 1851లో సుమారు మూడు నెలలు అక్కడనే యుండి పని నేర్చుకొనెను. అప్పటికి ఆమెకు ముప్పది యొక్క ఏండ్లు. తల్లియు అక్కయు కార్ల్స్‌బాడ్ నీళ్ల వైద్యమునకు వచ్చి, ఈమె ఎక్కడ నున్నదో ఎవరికిని చెప్పకుండ దాచిరి. ఉదయము అయిదు గంటలకు లేవవలెను. తినుటకు గంజి, కూరగాయల చారు. ముప్పది యేండ్లు పట్టుపరుపుల మీద పండుకొనిన స్త్రీ అనాథ పిల్లల దగ్గర పండుకొనెను, పుండ్లు కడిగెను, కాలు కోసివేయు ఆపరేషనులో నిలువబడెను, చావనైయున్నవారి ప్రక్కన రాత్రులు మేలుకొనెను. అప్పుడు ఆమె ఇంటికి వ్రాసిన ఉత్తరములలో అలసట మాట లేదు. జీవితము రుచిగా నున్నదని తల్లికి తెలియజేసెను. క్రొత్త నర్సుకు మొదటి జీతము ఇదే యని మా తలంపు. నెల తిరుగక ముందే చేతికి వచ్చును.

అయితే ఆమె కన్నులు మూసికొనిన భక్తురాలు కాదు. అక్కడ నర్సు పని నేర్పుట చాల తక్కువ యనియు, శుభ్రత లేదనియు, అయినను అంత పవిత్రమైన అంకితభావమును మరెక్కడను చూడలేదనియు ఆమె తరువాత చెప్పెను. మన క్రైస్తవ సంస్థలను గూర్చి ఈ రెండు మాటలును కలిపి చెప్పగలవారు కొందరైనను ఉండుట మంచిది.

1853 ఆగస్టులో లండనులోని హార్లీ వీధిలో జబ్బుపడిన దొరసానుల కొరకైన చిన్న ఆసుపత్రికి ఆమె అధికారిణి యాయెను. జీతము లేదు. తండ్రి ఏటికి 500 పౌనులు ఇచ్చుటకు ఒప్పుకొనెను. అక్కడ ఆమె మొదట చేసిన పనులేవి? ప్రతి అంతస్తుకు వేడినీళ్లు గొట్టముల ద్వారా వచ్చునట్లు చేయించెను. భోజనము పైకి చేర్చుటకు చిన్న లిఫ్టు పెట్టించెను. రోగి గంట కొట్టగానే ఎవరు కొట్టిరో నర్సుకు తెలియు ఏర్పాటు చేయించెను. మెట్లు ఎక్కి దిగుటలోనే నర్సు బలమంతయు ఖర్చయినయెడల రోగికి మిగులునదేమి యని ఆమె లెక్క. కమిటీవారు తమ చర్చికి చేరినవారినే చేర్చుకొందమనిరి. రోమను కతోలికులనైనను, మరెవరినైనను చేర్చుకొనవలెననియు, వారివారి గురువులు వచ్చి చూచుటకు సెలవుండవలెననియు ఆమె పట్టుపట్టి నెగ్గెను. సమరయుడు గాయపడినవాని సంఘమేదో అడుగక నూనెయు ద్రాక్షారసమును పోసినట్లు లూకా వ్రాసియున్నాడు గదా.

మరుసటి యేడు క్రిమియా యుద్ధము వచ్చెను. గాయపడిన సిపాయిలు దిక్కులేక చచ్చుచున్నారని టైమ్స్ పత్రిక వ్రాయగా ఇంగ్లండు అట్టుడికెను. యుద్ధశాఖ మంత్రి సిడ్నీ హెర్బర్ట్ ఆమెను వెళ్లుమని కోరుచు ఉత్తరము వ్రాసెను. ఆమె తానే వెళ్లెదనని వ్రాసిన ఉత్తరము దానికి ఎదురు వచ్చెను. 1854 అక్టోబరు 21న 38 మంది నర్సులతో బయలుదేరెను. వారిలో 10 మంది కతోలికు సన్యాసినులు, 14 మంది ఇంగ్లీషు సంఘపు సహోదరీ సమాజములవారు, మిగిలిన 14 మంది ఆసుపత్రులలో జీతమునకు పనిచేసిన స్త్రీలు. టోపీ తన ముఖమునకు బాగుగ లేదనియు, ముందే తెలిసినయెడల రాకపోదుననియు వారిలో ఒకామె సణిగినదట. హాస్టలు వార్డెన్ పని చేసినవారికి ఇది వింతగా తోచదు.

నవంబరు 4న తుర్కీ దేశములో స్కుటారి అను చోటనున్న పెద్ద బారకాసు ఆసుపత్రికి చేరిరి. మైళ్ల పొడుగున పడకల వరుసలు, నేల క్రింద పూడుకొనిపోయిన మురుగు కాలువలు, ఎలుకలు, పేలు. అయినను డాక్టర్లు ఈ స్త్రీలను అక్కరలేదనిరి. ఇక్కడ మిస్ నైటింగేల్ చేసిన పనిని మేము దీపముకన్న గొప్పదిగా ఎంచుచున్నాము. డాక్టరు పిలువనిదే ఒక నర్సైనను వార్డులో కాలు పెట్టరాదని ఆజ్ఞాపించెను. గోడ అవతల మనుష్యులు మూలుగుచుండగా నర్సులు కూర్చుండి దిండ్లు, కట్లగుడ్డలు, చొక్కాలు కుట్టిరి. వారిలో కొందరు ఆమెను కఠినురాలనిరి. కొలది దినములలోనే ఇన్కర్మన్ యుద్ధమునుండి గాయపడినవారు ఓడలలో వచ్చి పడగా, డాక్టర్లే వచ్చి పిలిచిరి. అప్పటినుండి వారు లేకుండ పని జరుగలేదు.

రాత్రులయందు ఆమె మడత కాగితపు తుర్కీ లాంతరు పట్టుకొని వార్డులు తిరిగిన మాట నిజమే. పగటి పని మాత్రము చీపుర్లు, పళ్లెములు, ఉడుకునీళ్లు, చాకలిపని, జమాఖర్చులు. ఇంత చేసినను ఆ శీతకాలములో చావులు తగ్గలేదు, పెరిగెను. 1855 ఫిబ్రవరిలో అవి పరాకాష్ఠకు చేరెను. గాయములకన్న విరేచనములు, జ్వరములు, కలరా ఎక్కువమందిని చంపెను. మార్చిలో ప్రభుత్వము పంపిన సానిటరీ కమిషన్‌వారు కాలువలు కడిగించి, నీటిని గాలిని బాగుచేయగా చావులు దిగివచ్చెను. యుద్ధము ముగిసిన పిమ్మట విలియం ఫార్ అను గణాంక నిపుణునితో కూర్చుండి లెక్కలు వేసినప్పుడే ఈ సంగతి యంతయు ఆమెకు పూర్ణముగా బోధపడెను. తాను రాత్రింబగళ్లు కష్టపడిన చోటనే, పాదముల క్రిందనున్న మురుగు వలన తన సిపాయిలు చచ్చిరని తెలిసికొనుట ఎంత బాధయో! ఆ బాధను ఆమె మరువలేదు. దానిని పటములుగా గీసి మంత్రుల ముందు పెట్టెను. 1855లో క్రిమియాలో పట్టిన జ్వరము వలన ఆమె ఆరోగ్యము శాశ్వతముగా చెడెను. 1856 ఆగస్టులో ఊరేగింపులేవియు ఒల్లక రహస్యముగా ఇల్లు చేరెను.

ప్రజలు ఆమె పేరిట కూర్చిన నిధితో 1860లో లండనులోని సెయింట్ థామస్ ఆసుపత్రిలో నర్సుల బడి మొదలాయెను. మొదటి సంవత్సరము 15 మంది చేరిరి. ఒక యేడు తర్ఫీదు, భోజనము, బస, యూనిఫారము, ఏటికి 10 పౌనులు. మేట్రన్ మిసెస్ వార్డ్రోపర్ నెల నెల ప్రతి పిల్లను గూర్చి కాగితము నింపెడిది: వేళకు వచ్చునా, నెమ్మదిగా నడుచునా, నమ్మదగినదా, శుభ్రముగా నుండునా, కట్లు కట్టుట, జలగలు పట్టించుట వచ్చునా అని. ఇంటికి చేరువగా కొందరు పిల్లలను మిస్ నైటింగేల్ టీకి పిలిచి మాటలాడించెడిది. 1872 మొదలుకొని వారికి తరచుగా ఏడాదికొక ఉత్తరము వ్రాసెను.

అక్కడ నేర్చుకొనినవారిలో ఏగ్నెస్ జోన్స్ ఒకతె. ఐర్లండునుండి వచ్చిన భక్తురాలు, కైజర్స్‌వేర్త్‌లోను పని నేర్చినది. 1865లో లివర్‌పూల్ బీదల సత్రపు ఆసుపత్రికి 12 మంది నర్సులతో వెళ్లెను. అంతకుముందు అక్కడ రోగులను చూచినవారు ఆ సత్రములోని బీద స్త్రీలే. త్రాగుడు, దొంగతనము, బూతులు. మూడేండ్లలో ఆ వార్డుల రూపు మారెను. 1868 ఫిబ్రవరిలో టైఫస్ జ్వరము తగిలి, 35 ఏండ్లకే ఆమె మరణించెను. ఈ పనిలో ప్రాణాపాయము లేదని మేము ఏ తల్లికిని చెప్పజాలము. కరోనా దినములలో మన నర్సు పిల్లలు ఏమి మోసిరో మీరు చూచితిరి.

మన దేశమును మిస్ నైటింగేల్ ఎన్నడును చూడలేదు. అయినను మంచము మీదనుండియే ముప్పది యేండ్లకు పైగా ఇండియా నీళ్లను గూర్చి, కరవులను గూర్చి వ్రాసెను. ధవళేశ్వరము ఆనకట్ట కట్టించిన సర్ ఆర్థర్ కాటన్ ఆమెకు ఆప్తుడు. కాలువలు త్రవ్వుడని ఆయన అడుగగా ప్రభుత్వము వినని దినములలో ఆమె ఆయన పక్షమున పత్రికలలో వాదించెను. గోదావరి కాలువ క్రింద వరి పండించుకొను మన సంఘస్థులు ఈ సంగతిని ఎరిగియుండుట న్యాయము.

ముసలితనమున ఆమెకు చూపు పోయెను. 1907లో రాజు ఆర్డర్ ఆఫ్ మెరిట్ అను బిరుదు నిచ్చెను, స్త్రీలలో దానిని పొందిన మొదటి వ్యక్తి ఆమెయే. 1910 ఆగస్టు 13న, 90వ యేట, నిద్రలో ప్రభువునందు విశ్రమించెను. రాజుల ప్రక్కన వెస్ట్‌మినిస్టర్ ఆబీలో పాతిపెట్టుదమని ప్రభుత్వము అడుగగా బంధువులు ఆమె కోరిక చొప్పున ఒప్పుకొనలేదు. ఎంబ్లీ దగ్గర ఈస్ట్ వెల్లో అను పల్లె చర్చి దొడ్డిలో, తలిదండ్రుల సమాధియొద్ద పాతిపెట్టిరి. సిపాయిలు పెట్టెను మోసిరి. రాతి మీద ఆమె పేరులోని రెండు మొదటి అక్షరములు, పుట్టిన తేది, చనిపోయిన తేది మాత్రము చెక్కబడియున్నవి.