గాడిచర్ల చేసిన నేరమేమిటి?

మన పత్రికా చరిత్రలో 1908ని సంపాదకుల కారాగార వత్సరం అనవచ్చు. ఆ జూలైలో బొంబాయిలో తిలక్‌కు ఆరేళ్ల ప్రవాస శిక్ష పడింది. అదే ఏడాది, అదే 124-ఎ సెక్షన్ కింద, ఆంధ్రదేశంలో బోనెక్కిన సంపాదకుడు గాడిచర్ల హరిసర్వోత్తమరావు.

ఆయన 1883లో కర్నూలులో జన్మించారు. మద్రాసులో ఎం.ఏ. పూర్తిచేసి, రాజమహేంద్రవరం ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో చేరారు. 1907లో బిపిన్ చంద్రపాల్ ఉపన్యాసాలు ఆ ఊరిని ఉర్రూతలూపాయి. విద్యార్థులు వందేమాతరం బ్యాడ్జీలు ధరించారు. వారికి నాయకుడైన గాడిచర్లను కళాశాల నుంచి వెళ్లగొట్టి, సర్కారు కొలువు తలుపులు మూసివేశారు. తెల్లదొరతనం ఆ విధంగా ఒక ఉపాధ్యాయుణ్ణి పోగొట్టుకొని, ఒక పత్రికా రచయితను కొనితెచ్చుకున్నది.

1908లో బోడి నారాయణరావుతో కలసి ఆయన బెజవాడలో స్వరాజ్య పత్రిక ప్రారంభించారు. తిరునల్వేలి కాల్పులపై విపరీతబుద్ధి శీర్షికన వెలువడిన రచన రాజద్రోహమైంది. మొదట పడిన శిక్ష ఆరు నెలలు. అది చాలదని ప్రభుత్వం హైకోర్టుకెక్కి మూడేళ్లకు పెంచుకున్నది. వేలూరు జైలులో ఆ పట్టభద్రుణ్ణి దొంగలు, హంతకుల సరసన ఉంచారు.

ఇంతకూ ఆ రచన వల్ల ఎవరికి హాని జరిగింది? ఆ ప్రశ్న నాటి చట్టానికి అనవసరం. ప్రభుత్వంపై ద్వేషం రేకెత్తించడమే నేరం. అల్లరి జరగనక్కరలేదు, జరిగే సూచన కూడా ఉండనక్కరలేదు.

ఇటీవల భిలాయి వెళ్లినప్పుడు సుపేలాలోని తెలుగువారితో ఈ ప్రస్తావన వచ్చింది. వారున్న ఛత్తీస్‌గఢ్ గడ్డకు మాధవరావు సప్రే ఉన్నారు. 1900లో పెండ్రా నుంచి ఛత్తీస్‌గఢ్ మిత్ర నడిపిన ఆయనను, నాగపూరు హిందీ కేసరి రచనలకుగాను 1908లోనే అరెస్టు చేశారు. కుటుంబం ఒత్తిడికి తలవంచి క్షమాపణ రాసి బయటపడ్డారు. ఆ పశ్చాత్తాపంతో కొంతకాలం ప్రజా జీవితానికి దూరమయ్యారు. ఆయనను తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. ఒకరి దేహాన్ని, మరొకరి మనసును నలిపిన చట్టం ఒక్కటే.

విడుదలైన గాడిచర్లను పలకరించడానికి సైతం జనం జంకారు. అయినా ఆయన చేదు మిగుల్చుకోలేదు. ఆంధ్రపత్రికకు సంపాదకత్వం వహించారు; మద్రాసు శాసనమండలిలో కూర్చున్నారు. గ్రంథాలయోద్యమానికి, వయోజన విద్యకు జీవితం ధారపోసి 1960 ఫిబ్రవరి 29న కన్నుమూశారు. అక్షరం రాసినందుకు శిక్ష అనుభవించిన మనిషి, అక్షరం రానివారికి దాన్ని నేర్పడమే తన జవాబు అనుకున్నారు కాబోలు.

మరి రెండేళ్లకు, 1962లో, కేదార్‌నాథ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఆ సెక్షన్‌ను నిలబెడుతూనే హద్దు గీసింది: హింసకు, అశాంతికి పురికొల్పితేనే నేరం. 2022 మేలో ఆ సెక్షన్ అమలును నిలిపివేసింది. 2024 జూలై 1న అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో రాజద్రోహం అన్న మాట లేదు; దేశ సార్వభౌమత్వం, సమైక్యతల పేరిట 152వ సెక్షన్ ఉన్నది.

మాటకు హద్దు ఉండరాదని నేను వాదించను. నింద మనిషి పరువు తీస్తుంది, రెచ్చగొట్టే ఉపన్యాసం ఊళ్లు తగలబెడుతుంది. 1951లో తొలి సవరణ ద్వారా పార్లమెంటు 19(2) అధికరణంలో ఆంక్షల పరిధిని పెంచినా, అవి సహేతుకంగా ఉండాలన్న షరతు విధించింది. హాని కలిగిందా అన్నదే కొలబద్ద కావాలి. ఏలినవారికి కోపం వచ్చిందా అన్నది కాదు. రెండో కొలబద్ద ఎటు తీసుకుపోతుందో వేలూరు జైలు చెప్పింది.