ఉన్నవ వారి శారదా నికేతనం

మాలపల్లి నవల రాసింది ఎవరు? గ్రూప్స్‌కి ప్రిపేరయ్యే మన సీనియర్లు నిద్రలో లేపి అడిగినా చెప్తారు, ఉన్నవ లక్ష్మీనారాయణ అని. ఆ బిట్ దగ్గరే మనలో చాలామంది ఆగిపోతాం. ఈ సంచికకి మన గుంటూరు వాళ్లలో ఒకరి గురించి రాయమని క్లబ్బు వాళ్లు అడిగినప్పుడు నేను ఆయన్నే ఎంచుకున్నాను, కానీ నవల కోసం కాదు. ఇంగ్లీషు రాని, వయసు దాటిపోయిన, ఇంట్లో ఒక మూల కూర్చోబెట్టిన ఆడపిల్లలు చదువుకొని పరీక్ష రాసి ఉద్యోగం దాకా వెళ్లడానికి ఆయన, ఆయన భార్య లక్ష్మీబాయమ్మ గారు కలిసి గుంటూరులో ఒక దారి వేశారు. ఆ దారి గురించే ఈ వ్యాసం.

ఉన్నవ గారు 1877 డిసెంబరు 4న అప్పటి సత్తెనపల్లి తాలూకా వేములూరుపాడులో ఒక బ్రాహ్మణ కుటుంబంలో పుట్టారు. తండ్రి శ్రీరాములు, తల్లి శేషమ్మ. చిన్నప్పటి చదువు ఊళ్లోనే, తర్వాత గుంటూరు. ఇంకా పిల్లాడిగా ఉండగానే లక్ష్మీబాయమ్మ గారితో పెళ్లయింది. అప్పటికి ఆమె ఇంకా చిన్నపిల్ల. ఆ రోజుల్లో అది వింతేమీ కాదు. కానీ అంత చిన్న వయసులో పెళ్లయిన పిల్ల భర్త చనిపోతే, పదేళ్లకో పన్నెండేళ్లకో ఆ పిల్ల జీవితం అక్కడితో ముగిసినట్టే. తల మీద జుట్టు తీయించడం, ఒంటిపూట తిండి, శుభకార్యానికి ఎదురు రాకూడదనడం. అందులో చదువు అనే మాటకి చోటే లేదు.

ఉన్నవ గారు 1900 ప్రాంతంలో గుంటూరులో పంతులుగా ఉద్యోగం మొదలుపెట్టారు. 1902లో అక్కడే వితంతు శరణాలయం పెట్టారు. అప్పటికి ఆయనకి పాతికేళ్లు, అంటే మనకన్నా నాలుగైదేళ్లు పెద్ద, అంతే. వీరేశలింగం పంతులు గారు రాజమహేంద్రవరంలో మొదటి వితంతు వివాహం చేయించింది 1881లో. ఇరవయ్యేళ్లు గడిచినా మన వైపు పరిస్థితి పెద్దగా మారలేదు. ఉన్నవ దంపతులు ఆ పనిని గుంటూరులో నెత్తికెత్తుకున్నారు. శరణాలయంలో ఆశ్రయం ఇచ్చారు, పెళ్లిళ్లు చేయించారు. వెలి అనే మాట మనకి కథల్లో వినిపిస్తుంది గానీ, అప్పట్లో అది నిజంగా వేసే శిక్ష. పురోహితుడు రాడు, చుట్టాలు రారు, చావుకి కూడా నలుగురు దొరకరు. అది తెలిసే వాళ్లు ఈ పనిలోకి దిగారు.

ఇక్కడ నాకు ముఖ్యం అనిపించిన సంగతి ఒకటుంది. ఆశ్రయం ఇస్తే ప్రాణం నిలుస్తుంది. పెళ్లి చేస్తే సంసారం నిలుస్తుంది. కానీ మళ్లీ పెళ్లి వద్దనుకున్న పిల్ల సంగతేంటి? ఆ పిల్ల తన కాళ్ల మీద తను నిలబడాలంటే చదువో, చేతిపనో ఉండాలి. శరణాలయంలోంచి బడి పుట్టడానికి కారణం ఇదే అని నేను అనుకుంటున్నాను. ఆ బడి రావడానికి మాత్రం ఇంకో ఇరవయ్యేళ్లు పట్టింది.

ఈ మధ్యలో ఆయన జీవితం చాలా మలుపులు తిరిగింది. ప్లీడరీ చదివి గుంటూరులో వకీలుగా చేరారు. తెలుగువాళ్లకి వేరే రాష్ట్రం కావాలనే ఉద్యమంలో కొండా వెంకటప్పయ్య, జొన్నవిత్తుల గురునాథం గార్లతో కలిసి పనిచేశారు. 1913లో మొదటి ఆంధ్ర మహాసభ జరిగింది మన బాపట్లలోనే. ఆ పైన బారిష్టరు చదువు కోసం ఐర్లండు వెళ్లారు. ఆ కాలంలోనే వి.వి. గిరి గారు కూడా డబ్లిన్‌లో చదివారు. ఐర్లండు అప్పుడు ఇంగ్లీషు వాళ్ల మీద తిరగబడుతున్న దేశం. డివలేరా లాంటి నాయకుల ప్రభావం ఉన్నవ గారి మీద గట్టిగా పడింది. తిరిగొచ్చాక బారిష్టరుగా హాయిగా సంపాదించుకోవచ్చు. సహాయ నిరాకరణ ఉద్యమం రాగానే ప్రాక్టీసు వదిలేశారు.

1921లో పల్నాడులో పుల్లరి గొడవ మొదలైంది. అడవిలో పశువులు మేపుకున్నందుకు రైతులు కట్టాల్సిన పన్ను పుల్లరి. పల్నాటి రైతులు కట్టం అన్నారు. అక్కడికి వెళ్లిన నాయకుల్లో ఉన్నవ గారు ఒకరు. ఆయన్ని అరెస్టు చేసి జైల్లో పెట్టారు. ఆ ఉద్యమంలోనే 1922 ఫిబ్రవరిలో కన్నెగంటి హనుమంతు పోలీసు కాల్పుల్లో చనిపోయారు. చీరాల పేరాలలో దుగ్గిరాల గోపాలకృష్ణయ్య గారు జనాన్ని ఊరు ఖాళీ చేయించి రామనగర్ కట్టించింది, పెదనందిపాడులో పన్నులు కట్టకుండా మానేసింది కూడా ఆ రోజుల్లోనే. ఇప్పుడు మన బస్సులు తిరిగే రూట్లన్నీ అప్పట్లో ఉద్యమ కేంద్రాలే.

రాయవేలూరు జైల్లో ఉన్నవ గారు మాలపల్లి రాశారు. ఇంకో పేరు సంగవిజయం. మాలదాసరి రామదాసు కుటుంబం కథ. కొడుకు సంగదాసు పెద్ద రైతు చౌదరయ్య చేతిలో చనిపోతాడు. కూలి గింజల్లో ఇవ్వాలా, డబ్బుల్లో ఇవ్వాలా అనే తగాదా ఆ నవలలో ఉంది. గింజల ధర పెరిగినప్పుడు డబ్బులిస్తే కూలివాడు ఎంత నష్టపోతాడో మన పొలాల దగ్గర పెరిగిన వాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. ఇంకో విశేషం, అందులో మనుషులు గుంటూరు వైపు మాటలే మాట్లాడతారు. గ్రాంథికమే సాహిత్యం అనుకునే రోజుల్లో అది చిన్న విషయం కాదు.

గాంధీగారు చౌరీచౌరా తర్వాత ఉద్యమం ఆపేశారు. చాలామంది నిరుత్సాహంలో పడిపోయిన ఆ 1922లోనే ఉన్నవ దంపతులు గుంటూరులో శారదా నికేతనం మొదలుపెట్టారు.

ఆ రోజుల్లో గుంటూరులో ఒక ఆడపిల్ల పెద్ద చదువు చదవాలంటే ఏం చేయాలో ఒకసారి ఊహించుకుందాం. ఊళ్లో మిషన్ వాళ్ల కాలేజీ ఉంది. ఇప్పుడు ఏసీ కాలేజీ అంటున్నామే, అది 1885 నుంచే కాలేజీ. ప్రత్యేకంగా ఆడపిల్లల కాలేజీ మాత్రం లేదు. మద్రాసులో 1914లో ఒకటి మొదలైంది, ఇప్పటి క్వీన్ మేరీస్. పిల్లని మద్రాసు పంపించి, హాస్టల్ ఖర్చు పెట్టి, ఊళ్లో మాటలు పడి చదివించే ఇళ్లు ఎన్ని ఉంటాయి? పోనీ పంపిద్దామన్నా, కాలేజీలో చేరాలంటే ముందు హైస్కూలు పూర్తి చేయాలి, అదీ ఇంగ్లీషుతో. పద్దెనిమిదేళ్ల వితంతువు ఆరేళ్ల పిల్లల పక్కన పలక పట్టుకొని కూర్చుంటుందా? అంటే ఫీజు ఒక్కటే అడ్డం కాదు. వయసు, ఇంగ్లీషు, దూరం, పరువు, ఇవన్నీ ఒకదాని వెనక ఒకటి వరసగా గోడలు.

ఉన్నవ వారు ఈ గోడల్ని పగలగొట్టాలని చూడలేదు, పక్కనుంచి దారి తీశారు. శారదా నికేతనంలో పిల్లలకి ఉండటానికి చోటు, తిండి, చదువు ఒకే దగ్గర. తెలుగు, సంస్కృతం ప్రధానంగా చెప్పేవాళ్లు, హిందీ కూడా నేర్పేవాళ్లు. దాంతోపాటు నూలు వడకడం, నేత, కుట్టుపని. భాషలే ఎందుకంటే దాని వెనక లెక్క ఉంది. అప్పట్లో విశ్వవిద్యాలయాలు ప్రాచ్యభాషల పరీక్షలు పెట్టేవి. మద్రాసు విశ్వవిద్యాలయం విద్వాన్ పరీక్ష, 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయం వచ్చాక భాషాప్రవీణ పరీక్షలు. వీటికి మామూలు కాలేజీ దారిలో వెళ్లక్కర్లేదు, ఇంగ్లీషులో దిట్ట కానక్కర్లేదు. కావ్యాలు, వ్యాకరణం క్షుణ్ణంగా చదివి పరీక్ష పాసయితే చాలు, హైస్కూల్లో తెలుగు పండితురాలి ఉద్యోగానికి అర్హత వస్తుంది.

మనకి అర్థమయ్యేలా చెప్పాలంటే, పాలిటెక్నిక్ చేసిన వాళ్లు ఈసెట్ రాసి మన పక్కన సెకండియర్లో కూర్చుంటున్నారు కదా, అలాంటి లాటరల్ ఎంట్రీ అన్నమాట. ఇంటర్, ఈఏపీసెట్ దారి అందని వాళ్లకి ఇంకో గేటు. కాకపోతే ఈసెట్ ప్రభుత్వం పెట్టింది. ఉన్నవ వారు మాత్రం యూనివర్సిటీ రూల్సులో ఉన్న చిన్న సందు కనిపెట్టి, ఆ సందు దాకా పిల్లల్ని చేయి పట్టుకొని తీసుకెళ్లారు.

అదే సమయంలో మహారాష్ట్రలో కర్వే గారు పుణే దగ్గర వితంతువుల ఆశ్రమంతో మొదలుపెట్టి, 1916లో ఆడవాళ్ల విశ్వవిద్యాలయం దాకా వెళ్లారు. మన బందరులో 1910లో జాతీయ కళాశాల వచ్చింది. అంటే సర్కారు చదువుకి బయట ఇంకో చదువు కట్టాలనే ఆలోచన దేశమంతా నడుస్తున్న కాలం అది. ఆ గాలిని మిరప, పత్తి పండే మన మెట్ట ఊళ్ల ఆడపిల్లల దాకా తెచ్చింది శారదా నికేతనం.

ఇందులో లక్ష్మీబాయమ్మ గారి వాటా గురించి విడిగా చెప్పాలి. ఆయన పేరు నవల వల్ల నిలిచింది, ఆమె పేరు చాలామందికి తెలియదు. ఆయన జైళ్లకి, సభలకి తిరుగుతుంటే బడిని, పిల్లల్ని చూసుకున్నది ఆమె. ఒక ఆడపిల్లల హాస్టల్ నడపడం అంటే ఏంటో మన గర్ల్స్ హాస్టల్ వార్డెన్ మేడంని అడిగితే తెలుస్తుంది. బియ్యం ఎక్కణ్ణుంచి వస్తాయి, జ్వరమొస్తే ఎవరు చూస్తారు, పిల్లని తీసుకెళ్లిపోతాం అని గేటు దగ్గర నిలబడ్డ బంధువులకి ఎవరు సర్ది చెప్తారు? వితంతువులకి చోటిచ్చిన హాస్టల్లో ఈ పనులు ఇంకెంత కష్టమో ఊహించుకోండి. అంత పని మీదుంచుకొని కూడా ఆమె 1930 ఉప్పు సత్యాగ్రహంలో దిగి జైలుకెళ్లారు.

బడి నడుస్తుండగానే ఆయన నవల ఇంకో పోరాటం చేసింది. అచ్చయిన కొద్ది కాలానికే 1923లో మద్రాసు ప్రభుత్వం మాలపల్లిని నిషేధించింది. 1928లో కొన్ని భాగాలు తీసేశాక మళ్లీ బయటికి రానిచ్చారు. తర్వాత ఆంధ్ర విశ్వవిద్యాలయం దాన్ని పాఠ్యపుస్తకంగా పెడితే, 1936లో సర్కారు ఆ పుస్తకాన్ని సిలబస్ నుంచి తీయించింది. 1937లో కాంగ్రెసు మంత్రివర్గం వచ్చాక గానీ ఆ అడ్డు తొలగలేదు. ఆడపిల్లల్ని కాలేజీ చదువు దాకా చేర్చాలని చూసిన మనిషి పుస్తకాన్నే కాలేజీ గదిలోకి రానివ్వలేదు. పుస్తకానికైనా పిల్లకైనా గేటు దగ్గర ఆపేది ఒకే భయం అనిపిస్తుంది నాకు.

ఇదంతా చదివి ఆయనే మొత్తం మార్చేశారు అంటే అది అతిశయోక్తి. పండిత పరీక్ష దారి పంతులమ్మల్ని తయారు చేసింది గానీ, డాక్టర్లని, ఇంజనీర్లని చేసే దారి కాదు. ఒక హాస్టల్లో పట్టేది కొంతమందే. గుంటూరులో ఆడపిల్లలకి ప్రభుత్వ కాలేజీ 1942లో వచ్చింది. శారదా నికేతనం మొదలైన ఇరవయ్యేళ్లకి అన్నమాట. ఆ ఇరవయ్యేళ్లు ఎవరో ఒకరు ఆగకుండా పని చేయకపోతే, కాలేజీ తెరిచినా అందులోకి పిల్లల్ని పంపే ఇళ్లు ఉండేవా? పంతులమ్మ ఉద్యోగం చేసి జీతం తెచ్చుకునే ఆడమనిషి ఊళ్లో ఒక్కరు కనిపిస్తే చాలు, పక్కింటి తండ్రి ఆలోచన కొంచెమైనా కదులుతుంది. శారదా నికేతనం చేసిన అసలు పని అది.

లక్ష్మీబాయమ్మ గారు 1956లో, ఉన్నవ గారు 1958 సెప్టెంబరు 25న కన్నుమూశారు. ఆయన బారిష్టరు కాకముందు నుంచీ అడిగిన తెలుగు రాష్ట్రాన్ని కళ్లారా చూసే వెళ్లారు.

ఇప్పుడు మన సంగతి. ఈ జిల్లాల్లో కాలేజీలకి కొదవ లేదు. ఫీజు రీయింబర్స్‌మెంట్ ఉంది. అయినా గోడలన్నీ పోయాయా? నల్ల తామర పురుగు వచ్చి మిరప తోటలు ఎండిపోయిన 2021-22 లాంటి ఏడాదిలో, ఇంట్లో ఇద్దరు పిల్లలుంటే ముందు ఎవరి చదువు ఆగుతుందో మనకి తెలుసు. ఇంటర్ అయ్యాక సంబంధం కుదిరిందని సర్టిఫికెట్లు తీసుకెళ్లిన క్లాస్‌మేట్ మనలో ఎవరికి లేదు? కౌన్సెలింగ్ వెబ్ ఆప్షన్లు ఎలా పెట్టాలో చెప్పేవాళ్లు లేక మంచి ర్యాంకు వచ్చి కూడా ఏదో కాలేజీలో చేరిపోయిన పిల్లలు మన ఊళ్లలోనే ఉన్నారు.

రూల్సులో దారి ఎక్కడుందో చూసి, అక్కడిదాకా ఒకరిని తోడుండి తీసుకెళ్లడం ఉన్నవ దంపతులు చేసిన పని. దానికి బారిష్టరు చదువు అక్కర్లేదు. వచ్చే కౌన్సెలింగ్‌కి మన ఊరి హైస్కూలు, జూనియర్ కాలేజీ పిల్లల దగ్గరికి మన క్లబ్బు నుంచి ఇద్దరిద్దరం వెళ్లి స్కాలర్‌షిప్ అప్లికేషన్లు, వెబ్ ఆప్షన్లు దగ్గరుండి పెట్టిస్తే బాగుంటుందని నా ప్రతిపాదన. రాగలిగిన వాళ్లు మన గ్రూపులో మీ ఊరి పేరు పెట్టండి, నేను లిస్టు రాస్తాను. ఎవరైనా మాలపల్లి చదవాలనుకుంటే చదవండి, కాస్త పెద్ద పుస్తకమే గానీ భాష మన ఇంటి భాషే.