నాలుగోసారి

ఫస్టియర్‌లో సీఆర్ ఎలక్షన్ ఓడిపోయి, ఇంకెప్పుడూ నిలబడకూడదని ఒట్టు పెట్టుకున్న రోజుల్లో హార్వీ మిల్క్ గురించి చదివాను. ఓడినా పట్టు వదలని మనిషి కథేలే అనుకున్నా. కానీ అంతకంటే ఎక్కువే ఉంది.

ఆయన 1930లో న్యూయార్క్ దగ్గర యూదు కుటుంబంలో పుట్టారు. నేవీలో చేశారు, పిల్లలకు పాఠాలు చెప్పారు, వాల్‌స్ట్రీట్‌లో పనిచేశారు. తాను గే అన్న సంగతి చాలా ఏళ్లు దాచుకునే బతికారు. 1972లో శాన్‌ఫ్రాన్సిస్కో చేరి, మరుసటి ఏడాది కాస్ట్రో వీధిలో కెమెరా షాపు తెరిచారు. ఒకరోజు ఓ టీచర్ ప్రొజెక్టర్ అరువు అడగడానికి షాపుకి వచ్చారు, స్కూల్లోవి పనిచేయడం లేదని. మిల్క్‌కి ఒళ్లు మండింది. ఆ ఏడాదే బోర్డ్ ఆఫ్ సూపర్‌వైజర్స్‌కి పోటీ చేశారు. మన దగ్గర కార్పొరేటర్ లాంటి పదవి.

32 మందిలో 10వ స్థానం. 1975లో 6 సీట్లుంటే 7వ స్థానం. 1976లో రాష్ట్ర అసెంబ్లీకి నిలబడితే అదీ పోయింది.

అయితే ఎలక్షన్‌కీ ఎలక్షన్‌కీ మధ్య ఆయన ఖాళీగా కూర్చోలేదు. గే వ్యాపారులను పాత సంఘం అడ్డుకుంటే, చిన్న దుకాణాలవాళ్లతో కొత్త సంఘం కట్టారు. 1974లో వీధి జాతర పెట్టారు. లారీ డ్రైవర్ల యూనియన్ కూర్స్ బీరును బహిష్కరిస్తుంటే, కాస్ట్రో బార్లన్నీ తిరిగి ఆ బీరు అమ్మకం ఆపించారు. బదులుగా గేలకు డ్రైవర్ ఉద్యోగాలు ఇవ్వాలని అడిగారు.

ఇంకో విషయం నాలాంటి కోడింగ్ వాడికి బాగా నచ్చింది. మొదట్లో సూపర్‌వైజర్లందరినీ నగరం మొత్తం కలిసి ఎన్నుకునేది. అందుకే 1973లో కాస్ట్రో అంతా ఓటేసినా ఆయన గెలవలేదు. 1977లో వార్డులవారీ పద్ధతి వచ్చింది. ఓట్లు లెక్కపెట్టే లాజిక్ మారింది, ఆయన గెలిచారు.

పదవిలో ఉన్నది పదకొండు నెలలే. ఉద్యోగం, ఇల్లు ఇచ్చేటప్పుడు గేలపై వివక్ష చూపకూడదని నగరంలో చట్టం తెచ్చారు. గేలను టీచర్లుగా ఉండనివ్వకూడదన్న రాష్ట్ర ప్రతిపాదనపై ఊరూరా తిరిగి ప్రచారం చేశారు. 1978 నవంబర్ 7న అది ఓడిపోయింది. ఇరవై రోజులకు, నవంబర్ 27న, మాజీ సూపర్‌వైజర్ డాన్ వైట్ సిటీహాల్లోనే మేయర్ మాస్కోనీనీ ఆయననీ కాల్చి చంపాడు. మిల్క్‌కి 48 ఏళ్లు. తనను చంపేస్తే వినిపించమని ఏడాది ముందే ఒక టేపు రికార్డు చేసి ఉంచారు. అంటే, తెలిసే నిలబడ్డారు.

నేను ఎలక్షన్‌కి మూడు రోజుల ముందే అందరినీ పలకరించాను, రిజల్ట్ వచ్చాక ఎవరినీ పలకరించలేదు. మళ్లీ నిలబడతానో లేదో తెలీదు. ల్యాబ్‌లో పనిచేయని సిస్టమ్‌ల లిస్ట్ రాయడం మాత్రం మొదలుపెట్టా.