పౌరసత్వం దక్కని యల్లాప్రగడ

హెచ్1బీ, ప్రయారిటీ డేట్, గ్రీన్‌కార్డ్... అమెరికాలోని మన ఇళ్లలో ఈ మాటలు వినపడని వారం ఉండదు. వందేళ్ల క్రితం ఇదే దేశానికి వచ్చిన ఓ భీమవరం డాక్టరుకు నిలబడటానికి అసలు క్యూ కూడా లేదు.

యల్లాప్రగడ సుబ్బారావు 1895లో పుట్టారు. సోదరులిద్దరినీ స్ప్రూ వ్యాధి బలి తీసుకుంది. మద్రాసులో వైద్యం చదువుతూ ఖద్దరు కట్టి, ఆంగ్లేయ ప్రొఫెసర్ ఆగ్రహానికి గురయ్యారు. చివరికి ఎంబీబీఎస్‌కు బదులు ఎల్ఎంఎస్ పట్టాతో సరిపెట్టుకోవాల్సి వచ్చింది. మామగారి సాయంతో, కాకినాడ సత్యలింగ నాయకర్ ధర్మనిధి చేయూతతో బోస్టన్ ఓడెక్కారు. గర్భవతి అయిన భార్య శేషగిరి ఇంటి దగ్గరే ఉండిపోయారు. ఆ తరువాత పుట్టిన కొడుకు పసితనంలోనే పోయాడు. తండ్రి ఆ బిడ్డను చూడనే లేదు.

అమెరికా 1917 చట్టం భారతీయ కూలీలకు తలుపు మూసింది. విద్యార్థులకు మాత్రం కాస్త సందు ఉంచింది. సుబ్బారావు వచ్చింది ఆ సందులోంచే. 1923లో భగత్ సింగ్ థింద్ కేసులో అక్కడి సుప్రీంకోర్టు భారతీయులు పౌరసత్వానికి అర్హులు కారని తేల్చేసింది. మరుసటి ఏడు వచ్చిన చట్టం పౌరసత్వానికి అర్హత లేనివారు వలస రాకూడదంది. అంటే చదువుకోవచ్చు, పనిచేయవచ్చు, ఆ దేశం వాడు మాత్రం కాలేడు.

చేతిలో ఉన్న పట్టాకు అక్కడ డాక్టరు ఉద్యోగం రాలేదు. ఆస్పత్రిలో రాత్రిపూట రోగుల బెడ్‌పాన్లు తీసే పని చేసి పొట్ట పోసుకున్నారు. పగలు హార్వర్డ్ ప్రయోగశాల. ఫిస్క్‌తో కలిసి రక్తంలో ఫాస్ఫరస్ కొలిచే పద్ధతిని కనిపెట్టారు. కండరాలకు శక్తినిచ్చే ఏటీపీని గుర్తించారు. అయినా హార్వర్డ్‌లో శాశ్వత స్థానం దక్కలేదు. 1940లో లెడర్లీ కంపెనీకి మారారు. ఫోలిక్ యాసిడ్ తయారీ, పిల్లల ల్యుకేమియాపై డాక్టర్ ఫార్బర్ ప్రయోగించిన అమినోప్టెరిన్, ఆరియోమైసిన్, అన్నీ ఆయన నడిపిన పరిశోధన బృందాల నుంచి వచ్చినవే. మన ఊళ్లలో ఇంటింటికీ పంచే బోదకాలు మాత్రల్లోని డీఈసీ కూడా అక్కడిదే.

1946లో ట్రూమన్ సంతకంతో భారతీయులకు పౌరసత్వ అర్హత వచ్చింది. వలసకు కోటా ఏడాదికి 100 మంది! సుబ్బారావు ఆ లాంఛనాలు పూర్తి చేసుకోలేదు. 1948 ఆగస్టులో న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్‌లో, 53 ఏళ్ల వయసులో, పౌరుడు కాకుండానే కన్నుమూశారు.

తప్పంతా చట్టానిదే అనలేం. ప్రయోగశాల ఆయన్ను పూర్తిగా మింగేసింది. ఈ ఏడు కాకపోతే పై ఏడు ఇంటికి వెళ్దామనుకుంటూ రోజులు గడపడం మనకూ తెలిసిందేగా. శేషగిరి గారు మాత్రం బోస్టన్ వెళ్లిన భర్తను మళ్లీ చూడలేదు.